అత్యవసర వైద్య బృందాల్లో మత్తు వైద్యులు

ప్రమాద గాయాలు, తీవ్ర రక్తస్రావం, విషప్రభావం, కాన్పు చిక్కులు, భూకంపాలు, యుద్ధాలు వంటి సందర్భాల్లో ప్రాణాపాయంలో ఉన్నవారికి చికిత్స చేసే బృందాల్లో మత్తు వైద్యులు కీలక సభ్యులు. వ్యవహారంలో వీరిని మత్తు డాక్టర్లనీ, అనస్థటిస్టులనీ అంటారు. ఆపరేషన్ జరుగుతున్నప్పుడు రోగికి నొప్పి తెలియకుండా చూడడం వీరి ప్రధాన వృత్తి. అయితే మత్తుమందులు స్పృహను తీసేయడంతో ఆగవు; ఊపిరిని అణచివేస్తాయి, రక్తపోటును పడగొడతాయి. అందువల్ల రోగికి కృత్రిమంగా ఊపిరి అందించడం, రక్తప్రసరణను నిలబెట్టడం, శరీర స్థితిని నిమిషనిమిషానికీ కనిపెట్టడం మత్తు వైద్యంలో విడదీయలేని భాగాలయ్యాయి. 20వ శతాబ్దం మధ్య నుంచి ఈ నైపుణ్యం ఆపరేషన్ థియేటర్ దాటి వార్డులకు, అంబులెన్సులకు, హెలికాప్టర్లకు, విపత్తు ప్రాంతాల్లోని గుడారపు ఆసుపత్రులకు విస్తరించింది.

అత్యవసర బృందంలో గాయాన్ని సరిచేసేది సర్జన్, మూసుకుపోయిన గుండె రక్తనాళాన్ని తెరిచేది కార్డియాలజిస్టు, బిడ్డను బయటికి తీసేది ప్రసూతి వైద్యురాలు. ఆ చికిత్స మొదలై పూర్తయ్యేదాకా రోగిని బతికించి ఉంచడం మత్తు వైద్యుల బాధ్యత. ఈ పనిని ఏ దేశంలో ఎవరు చేయాలి, ఎక్కడ చేయాలి అన్న విషయంలో మాత్రం వైద్య వ్యవస్థలు వేర్వేరు దారులు తొక్కాయి.

చరిత్ర

మత్తు మరణాలు, హైదరాబాద్ ప్రయోగాలు

1846 అక్టోబరు 16న బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో విలియం మోర్టన్ ఈథర్ మత్తును బహిరంగంగా ప్రదర్శించాడు. మరుసటి ఏడాది ఎడింబరోలో జేమ్స్ సింప్సన్ క్లోరోఫాం వాడకం మొదలుపెట్టాడు. 1848 జనవరిలో ఇంగ్లండులో హన్నా గ్రీనర్ అనే 15 ఏళ్ల బాలిక కాలిగోరు తీయించుకోవడానికి వచ్చి క్లోరోఫాం ప్రభావంతో చనిపోయింది. ఇలా చిన్న ఆపరేషన్లకు వచ్చిన ఆరోగ్యవంతులు బల్లమీదే ప్రాణాలు వదలడంతో, క్లోరోఫాం కింద ముందు ఆగేది ఊపిరా లేక గుండెనా అన్న వివాదం రేగింది. జవాబును బట్టి మత్తు ఇచ్చేవారు దేన్ని కనిపెట్టి ఉండాలో తేలుతుంది.

ఈ వివాదానికి ఒక ముఖ్య వేదిక హైదరాబాద్. అక్కడి రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ ఊపిరే ముందు ఆగుతుందని, నాడి కంటే శ్వాసను గమనించడమే ముఖ్యమని గట్టిగా నమ్మాడు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్థిక సాయంతో 1888లో ఒకటి, 1889లో మరొకటి క్లోరోఫాం కమిషన్లు ఏర్పడ్డాయి. రెండో కమిషన్‌లో పాల్గొనేందుకు లాన్సెట్ పత్రిక తరఫున లండన్ నుంచి లాడర్ బ్రంటన్ వచ్చాడు. జంతువులపై వందల ప్రయోగాలు జరిపి, కమిషన్ లారీ వాదాన్నే సమర్థించింది. ఆ నిర్ధారణ పూర్తిగా నిలవలేదు. తేలికపాటి క్లోరోఫాం మత్తులో గుండె లయతప్పి హఠాత్తుగా ఆగిపోవచ్చని 1911లో గుడ్‌మన్ లెవీ నిరూపించాడు. ఊపిరినీ గుండెనూ రెంటినీ ఎడతెగకుండా గమనించాలన్న నేటి నియమం ఇలాంటి వాదప్రతివాదాల నుంచి రూపుదిద్దుకుంది. లారీ కాలంలోనే హైదరాబాద్ మెడికల్ స్కూల్లో చదివి అక్కడి ఆసుపత్రుల్లో క్లోరోఫాం ఇచ్చిన రూపాబాయి ఫర్దూన్జీ ప్రపంచంలోని తొలితరం మహిళా మత్తు వైద్యుల్లో ఒకరిగా పేరు పొందింది.

థియేటర్ నుంచి వార్డుకు

మొదటి ప్రపంచయుద్ధం తర్వాత ఇంగ్లండులో ముఖం ఛిద్రమైన సైనికులకు ప్లాస్టిక్ సర్జరీ చేసేటప్పుడు ముఖం మీద మాస్కు పెట్టే వీలుండేది కాదు. ఐవన్ మెగిల్, స్టాన్లీ రౌబోథమ్ శ్వాసనాళంలోకి నేరుగా గొట్టం వేసే పద్ధతిని మెరుగుపరిచారు. 1942లో మాంట్రియల్‌లో హెరాల్డ్ గ్రిఫిత్ కురారే అనే కండరాలు సడలించే మందును మత్తులో వాడాడు. కండరాలు సడలిన రోగి సొంతంగా ఊపిరి తీయలేడు. గంటల తరబడి మరొకరికి ఊపిరి అందించడం అప్పటి నుంచి మత్తు వైద్యులకు నిత్యకృత్యమైంది.

1952లో కోపెన్‌హాగెన్‌లో పోలియో విజృంభించినప్పుడు ఈ అనుభవం థియేటర్ వెలుపల అక్కరకొచ్చింది. శ్వాస కండరాలు చచ్చుబడ్డ రోగుల్లో అత్యధికులు చనిపోతున్న బ్లెగ్‌డామ్ ఆసుపత్రికి మత్తు వైద్యుడు బ్యోర్న్ ఇబ్సెన్‌ను పిలిపించారు. గొంతు దగ్గర రంధ్రం చేసి, శ్వాసనాళంలోకి గొట్టం వేసి, రబ్బరు సంచిని చేత్తో నొక్కుతూ ఊపిరితిత్తుల్లోకి గాలి పంపడం ఆయన పద్ధతి. దాదాపు 1,500 మంది వైద్య విద్యార్థులు వంతులవారీగా రాత్రింబవళ్లు ఆ సంచులు నొక్కారు. 90 శాతానికి చేరువలో ఉన్న మరణాల రేటు 25 శాతం దరిదాపులకు పడిపోయింది. 1953 చివర్లో ఇబ్సెన్ అదే నగరంలో నెలకొల్పిన విభాగాన్ని ఆధునిక ఇంటెన్సివ్ కేర్ యూనిట్లకు ఆద్యంగా పరిగణిస్తారు. డెన్మార్క్‌లోనే మత్తు వైద్యుడు హెన్నింగ్ రూబెన్, ఇంజనీరు హోల్గర్ హెసె కలిసి, నొక్కి వదిలితే తనంతట తానే ఉబ్బే సంచిని తయారుచేశారు. 1956లో మార్కెట్లోకి వచ్చిన ఆ అంబు బ్యాగ్ వంటి సంచులు నేడు అంబులెన్సుల్లో సర్వసాధారణం.

వార్డు నుంచి వీధికి

వియన్నాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన మత్తు వైద్యుడు పీటర్ సఫార్, జేమ్స్ ఈలమ్‌తో కలిసి 1950ల చివర్లో నోటితో నోటికి ఊపిరి ఊదే పద్ధతిని శాస్త్రీయంగా పరీక్షించాడు. మందుతో కండరాలు సడలించిన స్వచ్ఛంద సేవకుల మీద ఈ ప్రయోగాలు చేశాడు. తలను వెనక్కి వంచి గడ్డం పైకెత్తితే నాలుక అడ్డు తొలగుతుందనీ, వదిలే ఊపిరిలోని ఆక్సిజన్ మరొకరి ప్రాణం నిలపడానికి సరిపోతుందనీ తేలింది. 1960లో కౌవెన్‌హోవెన్, జూడ్, నికర్‌బాకర్ ఛాతీని బయటి నుంచి నొక్కి రక్తప్రసరణ జరపవచ్చని ప్రకటించారు. శ్వాసమార్గం, శ్వాస, రక్తప్రసరణ అనే మూడింటినీ ఒక వరుసలో కూర్చిన సి.పి.ఆర్. ఈ రెండింటి కలయిక. ప్రజలకు దీన్ని నేర్పడానికి నార్వేలోని బొమ్మల తయారీదారు ఆస్ముండ్ లార్డాల్ మనిషి ఆకారంలో శిక్షణ బొమ్మ చేశాడు. ఆ బొమ్మ వెనుక నార్వే మత్తు వైద్యుడు బ్యోర్న్ లిండ్ ప్రోత్సాహం ఉంది.

1967లో పిట్స్‌బర్గ్‌లో మొదలైన ఫ్రీడమ్ హౌస్ అంబులెన్స్ సేవలో, నగరంలోని నల్లజాతి యువకులకు సఫార్ ఉన్నతస్థాయి ప్రాణరక్షణ శిక్షణ ఇచ్చాడు. అమెరికాలో పారామెడిక్ వృత్తికి బాట వేసిన ప్రయత్నాల్లో ఇది ముఖ్యమైనది. సి.పి.ఆర్. మీద పనిచేసిన సఫార్ అది వైద్యుల చేతుల్లోనే ఉండిపోకూడదని పట్టుబట్టడం గమనార్హం.

ఆసుపత్రి వెలుపలి సేవలు

అత్యవసర సేవల్లో రెండు ప్రధాన ధోరణులున్నాయి. వైద్యుణ్ని రోగి దగ్గరికి పంపడం ఒకటి, రోగిని వేగంగా ఆసుపత్రికి చేర్చడం రెండోది. ఫ్రాన్సు, జర్మనీ, నార్వే మొదటి దారిలో నడిచాయి. అమెరికా, భారతదేశం ప్రధానంగా రెండోదాన్ని అనుసరిస్తున్నాయి.

ఫ్రాన్సులో తూలూజ్ నగరానికి చెందిన అనస్థీషియా ప్రొఫెసర్ లూయీ లారెంగ్ 1968లో సాము అనే అత్యవసర వైద్య సేవను ప్రారంభించాడు. ఆయన పేరుతో వ్యవహరించే 1986 నాటి చట్టం దానికి దేశవ్యాప్త రూపం ఇచ్చింది. 15 నంబరుకు ఫోన్ చేస్తే వైద్యులు పరిస్థితిని అంచనా వేస్తారు. అవసరమైతే వైద్యుడు, నర్సు, డ్రైవర్ ఉన్న సంచార ఇంటెన్సివ్ కేర్ బృందాన్ని పంపుతారు. జర్మనీలో అత్యవసర వైద్యుణ్ని సంఘటన స్థలానికి పంపే ఏర్పాటు 1957లో కొలోన్, హైడెల్‌బర్గ్ నగరాల్లో మొదలైంది. నార్వేలో మత్తు వైద్యుడు యెన్స్ మో 1970ల చివర్లో ఎయిర్ అంబులెన్స్ సంస్థను స్థాపించాడు. కొండలు, సముద్రపు పాయల మధ్య విసిరేసినట్టుండే ఊళ్లకు ఆ హెలికాప్టర్లలో వెళ్లే వైద్యుల్లో అత్యధికులు మత్తు వైద్యులే.

బ్రిటన్ రెండింటికీ మధ్య ఉంది. సాధారణ అంబులెన్సుల్లో పారామెడిక్‌లు వెళ్తారు. 1989లో మొదలైన లండన్ ఎయిర్ అంబులెన్స్ వంటి సేవల్లో మాత్రం ఎమర్జెన్సీ మెడిసిన్, అనస్థీషియా నేపథ్యం ఉన్న వైద్యులు పనిచేస్తారు. రోడ్డు పక్కన మత్తు ఇచ్చినా పరికరాలు, పర్యవేక్షణ, సహాయకుల విషయంలో ఆసుపత్రి ప్రమాణాలే పాటించాలని అక్కడి మత్తు వైద్యుల సంఘం మార్గదర్శకాలు నిర్దేశించాయి.

బృందంలో విధులు

శ్వాసమార్గం

మెదడుకు ఆక్సిజన్ పూర్తిగా ఆగిపోతే నాలుగైదు నిమిషాల్లోనే కణాలు దెబ్బతినడం మొదలవుతుంది. అందుకే మూసుకుపోయిన శ్వాసమార్గాన్ని తెరవడం ముందు పని. దవడను ముందుకు నెట్టడం, నోటిలోని రక్తాన్ని లాగేయడం, మాస్కుతో ఊపిరి ఇవ్వడం వంటి సులభ మార్గాలు చాలాసార్లు సరిపోతాయి. అవి చాలనప్పుడు, లేదా స్పృహలేని రోగి కడుపులోని పదార్థం ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉన్నప్పుడు శ్వాసనాళంలోకి గొట్టం వేస్తారు. దీన్నే ఇంట్యుబేషన్ అంటారు.

ముందుగా అనుకున్న ఆపరేషన్‌కు రోగి ఖాళీ కడుపుతో వస్తాడు. ప్రమాదానికి గురైనవాడు అన్నం తిన్న గంటకే రావచ్చు. అలాంటివారికి మత్తుమందు, కండరాలు సడలించే మందు వెంటవెంటనే ఇచ్చి నిమిషంలోపు గొట్టం వేసే పద్ధతి ఉంది. గొంతు దగ్గరి క్రికాయిడ్ మృదులాస్థిని నొక్కి అన్నవాహికను మూసే ఉపాయాన్ని బ్రయన్ సెలిక్ 1961లో వివరించాడు. మొత్తం క్రమాన్ని స్టెప్ట్, సఫార్ 1970లో ప్రచురించారు. క్రికాయిడ్ ఒత్తిడి ప్రయోజనం మీద నేడు సందేహాలున్నా, మిగతా పద్ధతి స్థిరపడింది.

గొట్టం వేయడానికి ముందు కనీసం మూడు నిమిషాలు శుద్ధ ఆక్సిజన్ ఇస్తారు. మామూలు గాలి పీల్చే మనిషి ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్ నిల్వ అర లీటరు లోపే ఉంటుంది. శుద్ధ ఆక్సిజన్‌తో అది రెండు లీటర్లు దాటుతుంది. గొట్టం వేసేటప్పుడు ఊపిరి ఆగినా ఆ నిల్వ కొన్ని నిమిషాలు కాపాడుతుంది. ఊబకాయుల్లో, గర్భిణుల్లో, పసిపిల్లల్లో ఈ వ్యవధి బాగా తక్కువ.

గొట్టం సరైన చోటికి చేరిందో లేదో చెప్పే నమ్మదగిన సాధనం కాప్నోగ్రాఫ్. వదిలే ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌ను అది తెర మీద అలలుగా చూపిస్తుంది. గొట్టం పొరపాటున అన్నవాహికలోకి పోతే అల కనిపించదు. బ్రిటన్‌లో 2011లో వెలువడిన మత్తు వైద్యుల నాలుగో జాతీయ ఆడిట్, ఇంటెన్సివ్ కేర్ యూనిట్లలో శ్వాసమార్గ సమస్యలతో సంభవించిన మరణాలు, మెదడు నష్టాల్లో 74 శాతానికి కాప్నోగ్రాఫ్ వాడకపోవడం దోహదం చేసిందని తేల్చింది. సి.పి.ఆర్. చేస్తున్నప్పుడు ఈ పరికరంలోని అంకె ఒక్కసారిగా పెరిగితే గుండె మళ్లీ కొట్టుకోవడం మొదలైందని అర్థం చేసుకోవచ్చు.

రక్తప్రసరణ

రక్తం ఎక్కువగా పోయిన రోగికి మామూలు మోతాదులో మత్తు ఇస్తే రక్తపోటు కుప్పకూలి గుండె ఆగిపోవచ్చు. మత్తు వైద్యులు అందుకే మోతాదు తగ్గిస్తారు, రక్తపోటును అంతగా పడగొట్టని కెటమిన్‌ను ఎంచుకుంటారు, ముందుగానే రక్తం సిద్ధం చేయిస్తారు. భారీ రక్తస్రావంలో ఎర్రకణాలతో పాటు ప్లాస్మా, ప్లేట్‌లెట్లు కూడా ఇంచుమించు సమపాళ్లలో ఎక్కించడం నేటి పద్ధతి. చల్లబడిన శరీరంలో రక్తం సరిగా గడ్డకట్టదు కాబట్టి రోగిని, ఎక్కించే రక్తాన్ని వెచ్చగా ఉంచుతారు. భారతదేశం సహా 40 దేశాల్లో 20 వేలకు పైగా గాయపడినవారితో జరిగి, 2010లో వెలువడిన క్రాష్-2 అధ్యయనం, రక్తస్రావాన్ని తగ్గించే ట్రనెక్సామిక్ ఆమ్లం అనే మందు మరణాలను తగ్గిస్తుందని చూపింది. గాయమైన మూడు గంటల్లోపు ఇస్తేనే దాని మేలు.

నొప్పి నివారణ, తరలింపు

విరిగిన తొడ ఎముకను సరిచేయాలన్నా, కారులో ఇరుక్కున్న మనిషిని బయటికి లాగాలన్నా ముందు నొప్పి తగ్గించాలి. గజ్జల దగ్గర నరానికి తిమ్మిరి సూది వేస్తే స్పృహ, శ్వాస చెడకుండానే తొడ నొప్పి తగ్గుతుంది. కొద్దిపాటి కెటమిన్ కూడా ఇదే పని చేస్తుంది.

వెంటిలేటర్ మీద ఉన్న రోగిని మరో ఆసుపత్రికి మార్చడం మరో ప్రత్యేక విద్య. ప్రయాణానికి సరిపడా ఆక్సిజన్, బ్యాటరీలు, మత్తు కొనసాగించే పంపులు, గొట్టం ఊడిపోతే తిరిగి వేసే సరంజామా అన్నీ బయలుదేరే ముందే లెక్క చూసుకోవాలి. తలకు దెబ్బతగిలినవారిలో దారి మధ్యలో రక్తపోటు గానీ ఆక్సిజన్ గానీ కొద్దిసేపు పడిపోయినా మెదడుకు రెండోసారి గాయమైనట్టే.

ఆసుపత్రి లోపల

వార్డులో ఎవరి గుండె అయినా ఆగితే పరుగెత్తే కోడ్ బ్లూ బృందంలో శ్వాసమార్గం బాధ్యత సాధారణంగా మత్తు వైద్యులది. గుండె ఆగడానికి కొన్ని గంటల ముందే చాలామంది రోగుల్లో శ్వాసవేగం, రక్తపోటు, స్పృహల్లో మార్పులు కనిపిస్తాయి. ఆ దశలోనే స్పందించేందుకు సిడ్నీలోని లివర్‌పూల్ ఆసుపత్రిలో కెన్ హిల్‌మన్ 1990లో మెడికల్ ఎమర్జెన్సీ టీమ్ అనే ఏర్పాటు చేశాడు. ఆస్ట్రేలియాలోని 23 ఆసుపత్రుల్లో జరిగిన మెరిట్ అధ్యయనం 2005లో దీనివల్ల గణనీయమైన తేడాను చూపలేకపోయింది. అయినా రోగి విషమించకముందే పిలవాలన్న సూత్రాన్ని చాలా దేశాలు స్వీకరించాయి.

ప్రసూతి విభాగంలో అత్యవసరం తల్లీబిడ్డలిద్దరిదీ. బిడ్డ గుండె కొట్టుకోవడం ప్రమాదకరంగా పడిపోతే అరగంటలోపు సిజేరియన్ జరగాలని అనేక మార్గదర్శకాలు చెబుతాయి. వ్యవధి ఉంటే నడుముకు మత్తు సూది ఇస్తారు. తల్లికి తీవ్ర రక్తస్రావం జరుగుతుంటే ఆ సూదితో రక్తపోటు మరింత పడిపోతుంది కాబట్టి పూర్తి మత్తు ఎంచుకుంటారు. కాన్పు తర్వాతి రక్తస్రావంలో ప్రసూతి వైద్యురాలు రక్తాన్ని ఆపే ప్రయత్నంలో ఉండగా, పోయిన రక్తాన్ని భర్తీ చేసేది మత్తు వైద్యుడు.

2020లో మొదలైన కోవిడ్ కాలంలో అనేక ఆసుపత్రులు ప్రత్యేక ఇంట్యుబేషన్ బృందాలు ఏర్పాటు చేశాయి. గొట్టం వేసే క్షణంలో వైరస్ సోకే అవకాశం ఎక్కువ కాబట్టి, మొదటి ప్రయత్నంలోనే పని పూర్తిచేయగల అనుభవజ్ఞుల అవసరం ఏర్పడింది.

విపత్తులు, యుద్ధాలు, రక్షణ చర్యలు

విపత్తు వైద్యాన్ని ఒక శాస్త్రంగా రూపొందించడంలోనూ మత్తు వైద్యుల పాత్ర ఉంది. జర్మనీలోని మైంజ్ విశ్వవిద్యాలయ అనస్థీషియా ఆచార్యుడు రుడాల్ఫ్ ఫ్రై, సఫార్ తదితరులు కలిసి 1976లో క్లబ్ ఆఫ్ మైంజ్ స్థాపించారు. అదే తర్వాత ప్రపంచ విపత్తు, అత్యవసర వైద్య సంఘంగా మారింది.

2010 జనవరి 12న హైతీలో భూకంపం వచ్చినప్పుడు వందల విదేశీ బృందాలు తరలివెళ్లాయి. వాటి నైపుణ్యం, పరికరాలు, పద్ధతుల్లో పొంతన లేకపోవడం, శస్త్రచికిత్స తర్వాతి సంరక్షణ కొరవడడం విమర్శలకు గురయ్యాయి. ఆ అనుభవంతో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో ఇలాంటి బృందాలను మూడు శ్రేణులుగా వర్గీకరించింది. మొదటి శ్రేణి బృందాలు అవుట్‌పేషెంట్ సేవలందిస్తాయి. రెండో శ్రేణికి కనీసం ఒక ఆపరేషన్ బల్ల, 20 పడకలు, రోజుకు 7 పెద్ద లేదా 15 చిన్న ఆపరేషన్లు చేసే సామర్థ్యం ఉండాలి. మూడో శ్రేణికి రెండు బల్లలు, 40 పడకలతో పాటు ఇంటెన్సివ్ కేర్ కూడా కావాలి. సురక్షితమైన మత్తు ఇవ్వగలగడం రెండో శ్రేణి నుంచి తప్పనిసరి. ఎంతమంది సర్జన్లు వచ్చినా మత్తు ఇచ్చేవారు లేకపోతే ఆ బృందం శస్త్రచికిత్స బృందం కింద లెక్కకు రాదు.

గుడారంలో కరెంటు, ఆక్సిజన్ సిలిండర్లు ఎప్పుడూ ఉంటాయన్న నమ్మకం లేదు. అందుకే చుట్టూ ఉన్న గాలితోనే మత్తు ఆవిరిని రోగి పీల్చుకునే సరళమైన పరికరాలు పుట్టాయి. బ్రిటిష్ సైన్యం 1982 ఫాక్లాండ్స్ యుద్ధంలో వాడిన ట్రైసర్వీస్ పరికరం అలాంటిది. 1962లో తొలిసారి తయారై, 1970లో అమెరికాలో అనుమతి పొంది, వియత్నాం యుద్ధంలో విస్తృతంగా వాడిన కెటమిన్ విపత్తు వైద్యంలో ప్రధాన మందు. అది నొప్పిని పూర్తిగా తెలియనివ్వదు, శ్వాసను పెద్దగా అణచదు, కండరానికి సూదిగా కూడా ఇవ్వవచ్చు.

శిథిలాల కింద నలిగినవారి విషయంలో మందుల ఎంపిక ప్రాణాల మీదికి తెస్తుంది. నలిగిన కండరాల నుంచి పొటాషియం రక్తంలోకి చేరుతుంది. సక్సమిథోనియం అనే కండరాలు సడలించే మందు ఆ పొటాషియంను మరింత పెంచి గుండెను ఆపేయగలదు. కాబట్టి గాయమై రోజులు గడిచినవారికి రోక్యురోనియం వంటి మందు వాడతారు.

2018లో థాయ్‌లాండ్‌లోని థామ్ లువాంగ్ గుహలో వరద నీటికి చిక్కుకున్న 12 మంది బాలలు, వారి ఫుట్‌బాల్ కోచ్‌ల రక్షణ ఈ రంగంలో అసాధారణ ఉదాహరణ. డైవింగ్ రాని పిల్లలు మెలకువగా ఉంటే నీటి అడుగున భయంతో గింజుకుంటారు, అప్పుడు వారితో పాటు డైవర్లకూ ప్రమాదమే. గుహల్లో ఈదే అనుభవం ఉన్న ఆస్ట్రేలియా మత్తు వైద్యుడు రిచర్డ్ హ్యారిస్ వారికి ఆల్ప్రజోలామ్, కెటమిన్, లాలాజలం ఊరకుండా అట్రోపిన్ ఇచ్చాడు. ముఖానికి బిగుతైన మాస్కు తొడిగి డైవర్లు ఒక్కొక్కరినీ నీటిలోంచి మోసుకొచ్చారు. దారిలో మత్తు తగ్గితే మళ్లీ సూది వేయడం డైవర్లకే నేర్పించారు. జులై 8 నుంచి 10 వరకు మూడు రోజుల్లో 13 మందీ ప్రాణాలతో బయటపడ్డారు.

భారతదేశం, తెలుగు రాష్ట్రాలు

భారత మత్తు వైద్యుల సంఘం 1947లో ఏర్పడింది. 2009లో ఎమర్జెన్సీ మెడిసిన్‌కు ప్రత్యేక పీజీ కోర్సుగా గుర్తింపు వచ్చింది. అంతకు ముందు క్యాజువాలిటీలో గొట్టం వేయాలన్నా, వెంటిలేటర్ అమర్చాలన్నా సాధారణంగా థియేటర్ నుంచి మత్తు డాక్టర్ రావలసిందే. చిన్న ఊళ్లలో నేటికీ అంతే. మత్తు వైద్యుల సంఘం చొరవతో ఏర్పడిన భారతీయ పునరుజ్జీవన మండలి 2017లో మన పరిస్థితులకు తగిన మార్గదర్శకాలు వెలువరించింది. వాటిలో సామాన్యుల కోసం రూపొందించిన పద్ధతిలో నోటితో ఊదడం ఉండదు, ఛాతీ నొక్కడం మాత్రమే ఉంటుంది.

2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 సేవ తర్వాత అనేక రాష్ట్రాలకు విస్తరించింది. అందులో వెళ్లేది శిక్షణ పొందిన ఎమర్జెన్సీ టెక్నీషియన్. కాల్ సెంటర్‌లోని వైద్యుడు ఫోన్‌లో సలహా ఇస్తాడు. అంటే ఇక్కడ మత్తు వైద్యుడు రోగికి ఎదురుపడేది ఆసుపత్రిలోనే.

తెలుగు పల్లెల అత్యవసరాల్లో మత్తు వైద్యుల నైపుణ్యానికి ప్రత్యేక స్థానం ఉంది. నాగుపాము, కట్లపాము కాటు వేస్తే విషం కండరాలను చచ్చుబడేలా చేసి శ్వాస ఆపుతుంది. విరుగుడు సూది ఇచ్చినా, ఆ ప్రభావం తగ్గేదాకా వెంటిలేటర్ మీద ఊపిరి అందించాలి. థియేటర్లో కండరాల సడలింపును తిప్పికొట్టడానికి రోజూ వాడే నియోస్టిగ్మిన్, అట్రోపిన్ జంట నాగుపాము విషానికీ పనికొస్తుంది, కట్లపాము విషానికి దాని ప్రయోజనం తక్కువ. ఆర్గనోఫాస్ఫేట్ రకం పురుగుమందు తాగినవారి ఊపిరితిత్తులు స్రావాలతో నిండిపోతాయి. అట్రోపిన్ పెద్ద మోతాదుల్లో ఇస్తూ, అవసరమైతే రోజుల తరబడి వెంటిలేటర్ మీద ఉంచుతారు. ఆర్గనోఫాస్ఫేట్ మందు తాగిన మనిషికి సక్సమిథోనియం ఇస్తే, దాన్ని విరిచే ఎంజైము పనిచేయక దాని ప్రభావం చాలాసేపు ఉండిపోతుందన్నది మత్తు వైద్యులు గుర్తుంచుకోవలసిన మరో చిక్కు.

గ్రామీణ ఆసుపత్రుల్లో సిజేరియన్లకు మత్తు వైద్యులు దొరకక గర్భిణులను పెద్దాసుపత్రికి పంపేయడం పాత సమస్య. దీనికి ఉపాయంగా కేంద్ర ప్రభుత్వం ఎం.బి.బి.ఎస్. వైద్యులకు 18 వారాల ప్రాణరక్షక అనస్థీషియా శిక్షణ ప్రవేశపెట్టింది. పోస్టింగుల్లో, నిపుణుల పర్యవేక్షణలో లోటుపాట్లు ఉన్నచోట్ల ఈ శిక్షణ పొందినవారు ఆ పని కొనసాగించలేకపోయారు.

విదేశాలకు వెళ్లిన భారత బృందాల్లో సైన్యానికి చెందిన 60 పారాచూట్ ఫీల్డ్ ఆసుపత్రి ప్రసిద్ధం. కొరియా యుద్ధకాలంలో ఈ దళం లెఫ్టినెంట్ కల్నల్ ఎ.జి. రంగరాజ్ నాయకత్వంలో పనిచేసింది. 2023 ఫిబ్రవరి భూకంపం తర్వాత తుర్కియేలోని ఇస్కెందెరున్‌లో 99 మంది సభ్యులతో ఫీల్డ్ ఆసుపత్రి నడిపింది. 2025 మార్చిలో మయన్మార్ భూకంపం తర్వాత భారత సైనిక వైద్యులు మాండలేలో 60 పడకల ఆసుపత్రి నెలకొల్పారు.

ఎవరు గొట్టం వేయాలి?

ఆసుపత్రి వెలుపల ఇంట్యుబేషన్ వైద్యులకే పరిమితం కావాలా అన్న చర్చ కొనసాగుతోంది. 2003లో వెలువడిన శాన్ డియాగో అధ్యయనంలో, తలకు తీవ్ర గాయమైనవారికి పారామెడిక్‌లు మందులిచ్చి గొట్టం వేసినప్పుడు ఫలితాలు మరింత చెడ్డాయి. ఆక్సిజన్ పడిపోవడం, ఊపిరి మరీ వేగంగా ఇవ్వడం కారణాలని తర్వాతి విశ్లేషణలు చెప్పాయి. 2010లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో, ప్రత్యేక శిక్షణ పొందిన పారామెడిక్‌లు అదే పని చేసినప్పుడు ఆరు నెలల తర్వాత మంచి స్థితిలో ఉన్నవారు 51 శాతం. ఆసుపత్రికి చేరాక గొట్టం వేయించుకున్నవారిలో అది 39 శాతమే. గుండె ఆగినవారిలో ఇంట్యుబేషన్‌కు, గొంతు పైభాగంలో అమర్చే సులభ పరికరానికి మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదని 2018లో ఇంగ్లండులో 9,296 మందితో జరిగిన ఎయిర్‌వేస్-2 అధ్యయనం తేల్చింది.

ఈ ఫలితాలను కలిపి చూస్తే వృత్తి పేరు కంటే చేసేవారి శిక్షణ, తరచుగా చేసే అలవాటు, పర్యవేక్షణ పరికరాలు ఎక్కువ ప్రభావం చూపుతున్నట్టు అర్థమవుతుంది. థియేటర్లో అనుదినం ఈ పని చేసే మత్తు వైద్యులకు ఆ అలవాటు సహజంగా ఉంటుంది. ఇతరులకు శిక్షణ ఇచ్చే బాధ్యత కూడా అందుకే వారి మీద పడుతుంది.

శిక్షణ, బృంద వ్యవహారం

2005లో ఇంగ్లండులో పైలట్ మార్టిన్ బ్రొమిలీ భార్య ముక్కు సంబంధిత చిన్న ఆపరేషన్ కోసం చేరి చనిపోయింది. అనుభవజ్ఞులైన వైద్యులు గొట్టం వేయడానికే పదేపదే ప్రయత్నిస్తూ కాలాన్ని మరిచిపోయారు. గొంతుకు రంధ్రం చేసే సామగ్రిని నర్సులు తెచ్చిపెట్టినా, ఆ సూచన వైద్యుల దాకా పోలేదు. విమానయానంలోని భద్రతా పద్ధతులను వైద్యంలోకి తేవడానికి బ్రొమిలీ 2007లో ఒక సంస్థ ప్రారంభించాడు. అందరికంటే చిన్న ఉద్యోగి కూడా ఇక ఆపండని చెప్పగలగాలన్న పాఠం దీనివల్ల బలపడింది.

అంతకు ముందే అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో మత్తు వైద్యుడు డేవిడ్ గాబా, బొమ్మ రోగి మీద సంక్షోభాలను అభినయించి నేర్పే సిమ్యులేషన్ శిక్షణను అభివృద్ధి చేశాడు. నాయకుణ్ని స్పష్టంగా నిర్ణయించుకోవడం, ఆదేశాన్ని పేరు పెట్టి ఇవ్వడం, విన్నవారు తిరిగి చెప్పడం, మొదటి ఉపాయం విఫలమైతే తర్వాత ఏం చేయాలో ముందే బిగ్గరగా అనుకోవడం ఈ శిక్షణలోని ముఖ్యాంశాలు. బ్రిటన్ కఠిన శ్వాసమార్గ సంఘం 2015 మార్గదర్శకాలు కూడా నాలుగు మెట్ల ప్రణాళికను ఇలాగే నిర్దేశించాయి. వాటిలో చివరి మెట్టు గొంతు ముందుభాగం నుంచి రంధ్రం చేయడం.

కొరత

ప్రపంచంలో 500 కోట్ల మందికి సురక్షితమైన, భరించగలిగే శస్త్రచికిత్స, మత్తు సేవలు అందుబాటులో లేవని 2015లో లాన్సెట్ కమిషన్ అంచనా వేసింది. అదే ఏడాది ప్రపంచ ఆరోగ్య సభ ఈ సేవలను సార్వత్రిక ఆరోగ్యంలో భాగంగా గుర్తిస్తూ తీర్మానం చేసింది. ప్రతి లక్ష జనాభాకు కనీసం ఐదుగురు మత్తు వైద్యులుండాలని ప్రపంచ మత్తు వైద్య సంఘాల సమాఖ్య సూచించింది. భారతదేశం సహా అనేక దేశాలు ఆ లక్ష్యానికి దూరంగా ఉన్నాయి. ఉన్నవారిలో ఎక్కువమంది నగరాల్లో, ప్రైవేటు ఆసుపత్రుల్లో ఉండడంతో జిల్లాల్లో లోటు మరింత తీవ్రం.

అత్యవసర సేవల చర్చల్లో అంబులెన్సుల సంఖ్య, అవి చేరే సమయం ముందు వరుసలో ఉంటాయి. అంబులెన్సు చేరిన ఆసుపత్రిలో రాత్రి రెండు గంటలకు మత్తు డాక్టర్ లేకపోతే, పక్కనే సర్జన్ ఉన్నా ఆపరేషన్ మొదలుకాదు, రోగి మళ్లీ ప్రయాణం కట్టాలి. 24 గంటలూ మత్తు వైద్యులుండే ఆసుపత్రులు జిల్లాలో ఎక్కడెక్కడ ఉన్నాయో చూసుకుని, ఆ లెక్క ప్రకారం అంబులెన్సులను నడపడం, తగినంతమందిని నియమించడం, ఇతర సిబ్బందికి శ్వాసమార్గ శిక్షణ ఇవ్వడం ఈ కొరతను ఎదుర్కొనే ప్రధాన మార్గాలు.